డౌట్ల బల్ల

మా కాలేజీలో నా ఉద్యోగానికి సరైన పేరంటూ లేదు. అపాయింట్‌మెంట్ కాగితంలో ‘అసిస్టెంట్ లెక్చరర్, స్టడీ అవర్స్’ అని ఉండేది. పిల్లలు ‘డౌట్స్ మేడమ్’ అనేవాళ్ళు. మా అత్తగారు చుట్టాలతో, “మా సువార్త బందరులో కాలేజీలో చేస్తుందండీ” అని అక్కడితో ఆపేసేవారు. ఏం చేస్తుందో చెప్పాలంటే ఆవిడకు కష్టమయ్యేది.

నేను బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పిన రోజులు చాలా తక్కువ. నాలుగింటికి క్లాసులు అయిపోయేవి. అప్పటినుంచి ఏడింటిదాకా మేడమీద పొడుగాటి హాల్లో పిల్లలు కూర్చుని చదువుకునేవాళ్ళు. ఆ హాల్లో ఒక చివర కిటికీ పక్కన ఒక బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. ఇటు నేను. అటు, లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లో పిల్లాడో. ఫిజిక్సు, మ్యాథ్సు, కెమిస్ట్రీ, ఏదైనా నా బల్ల దగ్గరకే రావాలి. ఎక్కువమంది ఇంటర్ పిల్లలు, తర్వాత బీఎస్సీ వాళ్ళు. ఇరవై ఆరేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను.

పోయిన నెల ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. నా కుర్చీలోకి కొత్తగా తీసుకున్నారట. “మేడమ్, ఏమేం పుస్తకాలు చూసుకుని వెళ్ళమంటారు?” అని అడిగింది. నాలుగు పుస్తకాల పేర్లు చెప్పి, కాఫీ ఇచ్చి పంపేశాను. ఆ పిల్ల గేటు దాటి వెళ్ళాక, అసలు చెప్పాల్సింది అది కాదే అనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి రాలేదు కూడా.

మొదటి వారం

మాది గుడివాడ. మా నాన్న ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవారు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివాను. లెక్క చూడగానే చేత్తో అందుకోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. క్లాసులో అందరికన్నా ముందు చేసి పెన్ను కింద పెట్టాలి, అదీ నా సరదా.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ సరదా బాగా తీరింది. పిల్లలు పుస్తకం చాపడం, నేను లాక్కోవడం, రెండు నిమిషాల్లో లెక్క చేసి కింద గీత గీయడం, వాళ్ళు “థ్యాంక్యూ మేడమ్” అని వెళ్ళిపోవడం. శుక్రవారం నాటికి నా బల్ల దగ్గర వరస మెట్లదాకా వెళ్ళింది. పాత లెక్చరర్లు అటుగా వెళ్తూ చూసేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది.

అప్పుడు మ్యాథ్సుకు హెడ్డు రామ్మోహన్ గారు. సన్నగా ఉండేవారు, ఎండాకాలం వానాకాలం చేతిలో గొడుగు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. రెండు రోజులు నా బల్లకు కాస్త దూరంలో నిలబడి చూసి వెళ్ళారు. శనివారం వచ్చి, అప్పుడే నా దగ్గర లెక్క చేయించుకుని వెళ్తున్న అమ్మాయిని పిలిచారు.

“అమ్మా, కాగితం వెనక్కి తిప్పి అదే లెక్క మళ్ళీ చెయ్యి.”

ఆ అమ్మాయి రెండో లైను దగ్గర ఆగిపోయింది. ఇంకొకడిని పిలిచారు. వాడు మొదటి లైనే రాయలేదు. ఇద్దర్నీ పంపేసి నా వైపు తిరిగారు.

“లెక్కలు బాగా చేస్తున్నారండీ సువార్త గారూ.”

“థ్యాంక్యూ సార్.”

“మీరు ఎమ్మెస్సీ పాసైపోయారు గదండీ. మళ్ళీ మిమ్మల్ని పాస్ చేయించడానికి కాదు ఈ కుర్చీ వేసింది.”

ఆయన కోపంగా అనలేదు. గొడుగు గోడకు ఆనించి, “ఒక్కసారి లేవండి” అని నా కుర్చీలో కూర్చున్నారు. వరసలో తర్వాతి పిల్లాడు పుస్తకం చాపాడు. రామ్మోహన్ గారు రెండు చేతులూ బల్ల కింద పెట్టుకున్నారు.

“ఎక్కడిదాకా వచ్చావు నాన్నా?”

“ఏమీ రావట్లేదండి సార్.”

“సరే, పైకి చదువు.”

వాడు చదివాడు. సగంలో ఆగాడు. “సార్, ఇక్కడ వేగం మారదని ఉందా?”

“నేనేం అనలేదే. పుస్తకంలో ఏముంది?”

“మారదనే ఉందండి. నేను చూసుకోలేదు.” నవ్వుకుంటూ పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే. ఆయన పెన్ను ముట్టుకోలేదు.

“చేతులు బల్ల కింద పెట్టుకోవడం నేర్చుకోండి. ఈ ఉద్యోగంలో కష్టమైంది అదొక్కటే” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

అది నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. పిల్లాడు తప్పు లైను రాస్తూ ఉంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో, కూర్చుంటేగాని తెలియదు. మీ నోట్లో సమాధానం ఉంటుంది. అది బయటకు రాకుండా ఆపాలి. వాడు ఆ తప్పు తనే చూసుకుని “అయ్యో” అనాలి. ఆ అయ్యో వాడిదే అవ్వాలి.

రెండు మోటార్లు

కిశోర్ అని ఒకబ్బాయి ఉండేవాడు. పెదపారుపూడి వైపు నుంచి వచ్చేవాడు. వాళ్ళ నాన్నకు మూడెకరాలు, పైన కొంత కౌలు. కిశోర్ పొడుగ్గా, అప్పుడే మీసాలొచ్చి, ముందు బెంచీలో కూర్చుంటే వెనకవాళ్ళకు బోర్డు కనిపించేది కాదు. ఇంటర్ రెండో సంవత్సరంలో కటకాల లెక్కలు వచ్చినప్పటినుంచీ రోజూ నా బల్ల దగ్గరే ఉండేవాడు.

వాడికి సంగతంతా తెలుసు. కిరణం ఎటు వంగుతుందో బొమ్మ గీసి చూపించేవాడు. ప్రతిబింబం ఎక్కడ పడుతుందో లెక్క చేయకుండానే వేలు పెట్టి చెప్పేవాడు. లెక్కలోకి దిగితే మాత్రం ఆన్సరు ఎక్కడికో వెళ్ళిపోయేది. వారం రోజులు వాడికి కటకాల పాఠం మొదటినుంచి చెప్పాను. వాడు మర్యాదగా విన్నాడు. మళ్ళీ తప్పే.

ఎనిమిదో రోజు చేతులు కింద పెట్టుకుని వాడు రాసే ఒక్కో అక్షరం చూశాను. ఇరవైలో ఒక వంతు, ముప్ఫైలో ఒక వంతు కలపాలి. వాడు కింద అంకెలు రెండూ కూడేసి, యాభైలో ఒక వంతు అని రాశాడు.

అది ఫిజిక్సు కాదు. అయిదో క్లాసులోనో ఆరో క్లాసులోనో ఎక్కడో జారిపోయింది. తర్వాత ఎవరూ వెనక్కి చూడలేదు. ఇప్పుడు వాడికి పద్దెనిమిదేళ్ళు, వెనకాల వరసలో అమ్మాయిలు నిలబడ్డారు. ఇక్కడ నేను “భిన్నాలు రావా నీకు?” అన్నానంటే వాడు మళ్ళీ నా బల్ల దగ్గరకు రాడు. ఆ సంగతి అప్పటికి నాకు తెలుసు.

“కిశోర్, మీ పొలానికి నీళ్ళు మోటారుతోనా?”

“అవునండి. కాలవ నుంచి తోడతాం.”

“మీ మోటారు ఒక్కటే వేస్తే మీ మడి నిండడానికి ఇరవై గంటలు పట్టిందనుకో. పక్క చేను వాళ్ళ మోటారు ఒక్కటే వేస్తే ముప్ఫై గంటలు. రెండూ కలిపి వేస్తే ఎంతసేపు?”

వాడు పెన్ను తీశాడు. యాభై అని రాయబోయి ఆగాడు. కాసేపు ఆ కాగితంకేసే చూశాడు. మొహం మారింది. నవ్వేశాడు.

“రెండు మోటార్లేస్తే ఇంకా లేటవుద్దా మేడమ్!”

“నువ్వే చెప్పు మరి.”

“ఇరవై కన్నా తగ్గాలండి. బాగా తగ్గాలి.” తలెత్తి నన్ను చూశాడు. గొంతు తగ్గించి, “మేడమ్, నాకు ఇది... మొదట్నుంచీ రాదండి” అన్నాడు.

“తెలిసింది కదా, ఇక వచ్చేస్తుంది” అన్నాను. రోజూ వరస అయిపోయాక పావుగంట కూర్చునేవాడు. అంతా మోటార్లు, మళ్ళు, ధాన్యం బస్తాలే. ఎవరైనా అటుగా వస్తే వాడు ఫిజిక్సు పుస్తకం పైకి జరిపేవాడు, వాణ్ణి కాపాడుతూ నేనూ జరిపేదాన్ని. మూడు వారాల్లో వాడి లెక్కలు దారికొచ్చాయి. ఇప్పుడు వాడు కరెంటు డిపార్టుమెంటులో ఇంజినీరు. గుడివాడ బస్టాండులో ఒకసారి కనిపించి, భార్యకు నన్ను చూపించి, “నాకు భిన్నాలు నేర్పింది మేడమే” అని గట్టిగా అన్నాడు. సిగ్గు పోయిందన్నమాట. అది చూసి నాకు కలిగిన సంతోషం, వాడి ఉద్యోగం గురించి విన్నప్పుడు కూడా కలగలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు ఇది చెప్పాలి. పిల్లాడు చూపించే లెక్కలో అసలు అడ్డంకి ఉండదు. అది నాలుగేళ్ళ వెనకో ఆరేళ్ళ వెనకో ఉంటుంది. దాన్ని వెతకాలి, వెతుకుతున్నట్టు వాడికి తెలియకూడదు.

కొన్ని మొహమాటం లేని మాటలు

అందరూ కిశోర్‌లు కారు. సమాధానం రాయించుకుని పారిపోదామని వచ్చేవాళ్ళు ఎప్పుడూ సగం మంది ఉంటారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి. రాత్రికల్లా నాలుగు రికార్డులు, ఆరు అసైన్‌మెంట్లు ఇచ్చి పంపితే ఎవరైనా అదే చేస్తారు. తప్పు ఇచ్చినవాళ్ళది.

ఫోన్లు వచ్చాక నా బల్ల ఖాళీ అవుతుందని అందరూ అన్నారు. చివరి మూడు నాలుగేళ్ళు పిల్లలు లెక్కకు ఫొటో తీస్తే ఫోనే మెట్టు మెట్టుగా చేసి చూపించేది. నిజం చెప్పాలంటే చాలాసార్లు నాకన్నా బాగా చేసింది. రాత వంకర కూడా ఉండదు. నేను దాన్ని ఎప్పుడూ తిట్టలేదు. మొదటి వారంలో నేను చేసింది అదే కదా. వరస తగ్గిన మాట నిజమే. వచ్చేవాళ్ళు మాత్రం ఇంకో రకం డౌటుతో వచ్చేవాళ్ళు. “మేడమ్, ఫోన్లో ఆన్సరు ఉంది. ఈ మూడో లైను ఎందుకొచ్చిందో తెలీట్లేదు.” అది మంచి డౌటు. ఆ పిల్ల ఎక్కడ ఆగిందో తనే కనిపెట్టుకుని వచ్చింది.

ప్రిన్సిపాళ్ళు నాకు ముగ్గురు మారారు. ఇద్దరు మంచివాళ్ళు. మూడో ఆయన చెడ్డవాడని అనను, కానీ ఆయనకు భయం ఎక్కువ. తల్లిదండ్రులు ఏమంటారో, పక్క కాలేజీ ఏమంటుందో అని ఎప్పుడూ భయం. భయం ఉన్న మనిషి కింద పనిచేస్తే మనకూ అది అంటుకుంటుంది. నాకూ అంటుకుంది. ‘నాకు తెలీదు’ అనే మాట ఆ బల్ల దగ్గర అనడం నేను ఎప్పుడో మానేశాను. దాని ఫలితం ఏమిటో చెప్పడానికే ఈ రాత మొదలుపెట్టాను. ఇంతసేపూ వాయిదా వేశాను.

భవాని

భవానిది దివిసీమ. కోడూరు దాటాక ఒక చిన్న పల్లె. తండ్రి వీరస్వామి రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు. ఆ పిల్ల హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మాట తక్కువ. రెండు జడలు, పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు పట్టుకుని నిలబడేది.

ఆ ఏడు జనవరిలో మా కెమిస్ట్రీ లెక్చరర్ పద్మావతి గారు కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నారు. కెమిస్ట్రీ డౌట్లన్నీ నా మీదే పడ్డాయి. నాది ఫిజిక్సు. కెమిస్ట్రీ నేను ఇంటర్‌లో, డిగ్రీలో చదివిందే. పుస్తకం చూసుకుని లాక్కొస్తున్నాను.

ఒకరోజు భవాని వంతు వచ్చింది. పీహెచ్ లెక్క. ఆసిడ్ ఎంత కలిసిందో చెప్తారు, పీహెచ్ ఎంతో కనుక్కోవాలి. మామూలు నీళ్ళకు ఏడు, ఆసిడ్ అయితే ఏడు కన్నా తక్కువ, క్షారమైతే ఎక్కువ. ఈ లెక్కలో ఆసిడ్ చాలా చాలా తక్కువగా కలిపారు. నేను ఫార్ములాలో అంకె వేశాను. ఎనిమిది వచ్చింది. కింద గీత గీశాను.

భవాని కదల్లేదు.

“మేడమ్, ఎనిమిదంటే క్షారం కదండీ?”

“అవును.”

“కలిపింది ఆసిడ్ కదండీ. ఎంత తక్కువ కలిపినా నీళ్ళు అటు ఎలా వెళ్తాయండీ?”

వెనకాల పదిమంది నిలబడి ఉన్నారు. ఆ రోజు నాకు తలనొప్పి. ఆ పిల్ల అడిగిందానికి నా దగ్గర సమాధానం లేదు. లేదని నాకూ తెలిసింది.

“ఫార్ములా ప్రకారం అంతే వస్తుందమ్మా. పరీక్షలో ఇదే రాయి.”

“కాదు మేడమ్, మా చెరువులో అయితే...”

“చెరువు సంగతి తర్వాత చూద్దాం. వెనకాల ఎంతమంది ఉన్నారో చూడు.”

భవాని “సరేనండి” అని వెళ్ళిపోయింది. నేను తర్వాతి పుస్తకం అందుకున్నాను. కిశోర్‌కు మోటార్లతో భిన్నాలు నేర్పానని గొప్పలు చెప్పుకునే మనిషినే నేను. ఆ పిల్ల తనంతట తాను చెరువు పట్టుకొస్తే వినలేదు.

ఫిబ్రవరి చివర్లో పద్మావతి గారు డ్యూటీలో చేరారు. అప్పటికి పిల్లలను పరీక్షల ముందు సెలవులకు ఇళ్ళకు పంపేశారు. స్టాఫ్ రూములో ఇద్దరం టీ తాగుతూ ఉంటే నవ్వుతాలుగా చెప్పాను. “మీరు లేనప్పుడు ఒకమ్మాయి భలే పేచీ పెట్టిందండీ. ఆసిడ్ కలిపితే క్షారం ఎలా అవుద్దంటుంది.”

పద్మావతి గారు గ్లాసు కింద పెట్టారు. లెక్క ఏమిటని అడిగారు. చెప్పాను.

“మీరేం చెప్పారు?”

“ఎనిమిదని.”

“అయ్యో, ఆ అమ్మాయిదే రైటండీ. ఆసిడ్ అంత తక్కువున్నప్పుడు నీళ్ళలో ముందునుంచే ఉన్న హైడ్రోజన్ అయాన్ల లెక్క దానికన్నా ఎక్కువ ఉంటుంది కదా. అదీ కలపాలి. ఏడుకు కాస్త తక్కువ రావాలి. చాలామంది పడిపోయే చోటే అది, మీరేం బాధపడకండి.”

నేను బాధపడింది లెక్క తప్పినందుకు కాదు. ‘సరేనండి’ అన్నప్పటి ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. ఆ తర్వాత భవాని నా బల్ల దగ్గరకు ఒక్కసారి కూడా రాలేదని అప్పుడే తట్టింది. హాస్టల్‌కు వెళ్ళాను. భవాని గదిలో ఉండే అమ్మాయి ఇంకా ఊరెళ్ళలేదు.

“తను డౌట్లు అడగడం మానేసింది మేడమ్. నాకు సైన్సు ఎక్కట్లేదే, ఊరికే కూర్చున్నాను ఇన్నాళ్ళూ అంది. పరీక్షలకు రానంది. హాల్ టికెట్టు కూడా తీసుకెళ్ళలేదు.”

ఆఫీసులో ఉన్న తండ్రి నంబరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. సాయంత్రం చేశాను, మర్నాడు పొద్దున చేశాను, అదే మాట. ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్ళి హాల్ టికెట్టు ఇమ్మన్నాను, ఒక రోజు సెలవు కావాలన్నాను.

“ఒక్క లెక్క కోసం కోడూరు వెళ్తారా మేడమ్? టికెట్టు ఇవ్వడానికైతే వెళ్ళండి. తప్పు చెప్పానని మాత్రం అనకండి. రేపు నలుగురికీ తెలిస్తే కాలేజీ పరువేం కాను?”

సంతకం పెట్టి హాల్ టికెట్టు తీసుకున్నాను. ఆయనకు ఏ మాటా ఇవ్వలేదు.

కోడూరు దాటి

బందరు బస్టాండులో పొద్దున్నే బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి అవనిగడ్డ. అక్కణ్ణుంచి కోడూరు, కోడూరు నుంచి ఆటో. ఆటోలో నా కాళ్ళ దగ్గర రొయ్యల మేత బస్తాలు. అటూ ఇటూ చెరువులు, వాటిలో గాలి కోసం తిరిగే చక్రాలు నీళ్ళను ఎగరేస్తున్నాయి. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

వీరస్వామి గారు గట్టుమీదనుంచి వచ్చారు. కాలేజీ నుంచని తెలిసి తలకున్న తువ్వాలు తీసేశారు. ఫోను నీళ్ళలో పడి పదిరోజులైందట.

“మా పిల్లేమన్నా తప్పు చేసిందాండీ?”

“లేదండీ. నేను చేశాను.”

ఆయనకు అర్థం కాలేదు. ఇంట్లోకి తీసుకెళ్ళారు. భవాని తల్లి కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. భవాని మేనత్తతో కలిసి రొయ్యలు వొలిచే షెడ్డుకు వెళ్తోందట, వారం నుంచి. “చదువు రావట్లేదంటుందండీ. బలవంతం చేసి ఏం లాభం” అన్నారు వీరస్వామి గారు. ఆయన గొంతులో కోపం లేదు. తనకు తప్పిపోయిన చదువు కూతురికీ తప్పిపోయిందన్న దిగులు ఉంది.

కబురు పంపితే భవాని వచ్చింది. నన్ను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. వేళ్ళ నిండా రొయ్యల నీచు.

దారిలో కూడబలుక్కున్నదంతా మర్చిపోయాను. “భవానీ, ఆ రోజు నువ్వు అడిగిందే రైటు. నేను చెప్పింది తప్పు” అన్నాను.

“పర్లేదండి మేడమ్” అంది, నేలకేసి చూస్తూ.

“పర్లేదు కాదమ్మా. నీ నోట్సు తీసుకురా.”

చేతులు కడుక్కుని వచ్చి, పెట్టెలోంచి నోట్సు తీసింది. నేనే పేజీలు తిప్పాను. ఆ లెక్క దొరికింది. కింద నా రాతలో ఎనిమిది, చుట్టూ ఆ పిల్ల చక్కగా గడి గీసుకుంది. ఆ పేజీ తిప్పితే వెనక భవాని రాత. ఆసిడ్‌లోది ఇంత, నీళ్ళలోది ఇంత, రెండూ కలిపితే ఇంత. చివర్న ఏడుకు కాస్త తక్కువ. పద్మావతి గారు చెప్పిందే. దానిమీద అడ్డంగా రెండు గీతలు కొట్టేసి ఉన్నాయి.

“ఇది ఎప్పుడు చేశావు?”

“మీ దగ్గరకు రాకముందేనండి.”

“మరి నాకు చూపించలేదేం?”

పేజీ అంచు మడత సరిచేసింది. తర్వాత మెల్లగా అంది. “చూపిద్దామనే వచ్చానండి.”

ఆ పిల్ల డౌటు అడగడానికి రాలేదు. తనకు వచ్చిందని చెప్పుకోవడానికి వచ్చింది. ‘ఎక్కడిదాకా వచ్చావు’ అని నేను ఆ ఒక్కరోజు అడిగి ఉంటే పేజీ తిప్పి చూపించేది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకోవాలనుకున్నాను, కుదరలేదు. భవాని కంగారుపడిపోయింది. “మేడమ్, ఊరుకోండి మేడమ్, అది రెండు మార్కుల లెక్కేనండి” అంది. అంతలో నాకు నవ్వొచ్చింది. తనూ నవ్వింది.

వీరస్వామి గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. “అంటే మా పిల్ల చేసిందే రైటంటారా?”

“రైటేనండీ. నాకు రాలేదు. తనకొచ్చింది.”

ఆయన లేచి బయటకు వెళ్ళారు. చెరువు వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వచ్చి, “అమ్మాయ్, రేపట్నుంచి షెడ్డుకెళ్ళొద్దులే. మేడమ్ గారూ, బువ్వ తిని వెళ్ళండి” అన్నారు.

తిన్నాను. తిన్నాక భవానిని ఆ లెక్క నాకు చెప్పమన్నాను. చెరువులో నీళ్ళతో పోల్చి చెప్పింది. ఇంత పెద్ద చెరువులో ఒక సీసా ఆసిడ్ పోస్తే సీసాలో ఉన్నదాన్ని మాత్రమే కాదు, చెరువు నీళ్ళలో ముందునుంచే ఉన్నదాన్ని కూడా లెక్కేసుకోవాలంది. అంత తేలిగ్గా నేను ఎవరికీ చెప్పలేదు. హాల్ టికెట్టు నోట్సులో ఆ పేజీ దగ్గరే పెట్టి ఇచ్చాను.

ఆ తర్వాత

భవాని పరీక్షలు రాసింది. ఆ లెక్క ఆ ఏడు పేపర్లో రాలేదు. అలాంటిది ఏదీ రాలేదు. మార్కులు బ్రహ్మాండంగా ఏం రాలేదు, మామూలుగా వచ్చాయి. అది తెలిసి ప్రిన్సిపాల్ గారు, “చూశారా, అనవసరంగా అంత దూరం తిరిగారు” అన్నారు. ఆయనతో వాదించలేదు. నా దృష్టిలో ఇరవై ఆరేళ్ళలో నేను చేసిన పనుల్లో నికరంగా పనికొచ్చింది అదొక్కటే.

భవాని తర్వాత డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకుని, ఇప్పుడు అవనిగడ్డ దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో పనిచేస్తోంది. ఎప్పుడైనా ఫోన్ చేస్తుంది. నేనైతే ఎక్కువగా వింటాను.

కొత్తగా ఆ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయీ, నువ్వు అడిగినప్పుడు నేను పుస్తకాల పేర్లు చెప్పాను. పుస్తకాలు చదువు, తప్పదు. కానీ నీకు తెలియనిది రోజుకు ఒకటైనా వస్తుంది. ఆ క్షణంలో నీ వెనకాల కాలేజీ పరువు, నీ డిగ్రీ, వరసలో నిలబడ్డ పదిమంది, అన్నీ కలిసి నీ నోరు మూస్తాయి. అప్పుడు ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు. ఒక విద్యార్థి నేర్పింది. అది చెప్పి ముగిస్తాను.

వేసవి సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన మొదటి వారం. సాయంత్రం హాలు నిండుగా ఉంది. వరసలో నాలుగో మనిషి భవాని. రెండో సంవత్సరం కెమిస్ట్రీ పుస్తకం, ఈసారి గుండెకు పట్టుకోలేదు, చేతిలో విప్పే ఉంది. తన వంతు వచ్చింది. పుస్తకం నా ముందు పెట్టింది. నేను చదివాను. మళ్ళీ చదివాను. వెనకాల పిల్లలు కాళ్ళు మార్చుకుంటున్నారు.

భవాని బల్లమీదకు వంగి, చుట్టుపక్కల నలుగురికీ వినిపించేంత గట్టిగానే, ఏ వెటకారమూ లేకుండా అడిగింది.

“మేడమ్, ఇది మీకు తెలుసాండీ, తెలీదా? తెలీకపోతే ఇద్దరం కలిసి చూద్దామండీ.”

పుస్తకం బల్ల మధ్యకు జరిపాను.

“తెలీదమ్మా” అన్నాను. “కుర్చీ ఇటు లాక్కో.”